రాజ్‌భవన్‌కు వెళ్లిన ఫైలు ఏమవుతుంది? గవర్నర్ పదవిపై చర్చ

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. గవర్నర్ గురించి పాఠ్యపుస్తకాల్లో అధికరణాల నంబర్లు దొరుకుతాయి గానీ, పని ఎలా నడుస్తుందో దొరకదు. తెలిసినవాళ్లు చెబుతారని మూడు ప్రశ్నలు పెడుతున్నాను. ప్రతి జీవో కింద గవర్నర్ పేరు ఉంటుంది కదా, అవన్నీ ఆయన చూస్తారా? అసెంబ్లీ పాస్ చేసిన బిల్లును ఎంతకాలం దగ్గర పెట్టుకోవచ్చు? 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని దించినట్టు ఇవాళ దించగలరా? మన రెండు రాష్ట్రాల ఉదాహరణలతో చెబితే ఇంకా మంచిది.

పాతగెజిట్:
మొదటిదానికి నేను చెబుతాను. ఏ జీవో అయినా తీసి అడుగుభాగం చూడండి. "గవర్నర్ ఉత్తర్వు మేరకు, వారి పేరిట" అనే అర్థం వచ్చే వరుస ఉంటుంది, దాని కింద ప్రిన్సిపల్ సెక్రటరీదో కార్యదర్శిదో సంతకం ఉంటుంది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నర్ పేరుతోనే వెలువడాలి. ఆ సంతకం పెట్టే అధికారం ఏ హోదా అధికారులకు ఉందో నిబంధనల్లో రాసి ఉంటుంది. ఏ విషయం ఏ మంత్రి స్థాయిలో తేలాలి, ఏది కేబినెట్‌కు వెళ్లాలి అన్నది బిజినెస్ రూల్స్ చెబుతాయి. కాబట్టి నూటికి తొంభై తొమ్మిది జీవోలు రాజ్‌భవన్ గడప తొక్కవు.

నిజంగా ఆయన సంతకం కోసం వెళ్లేవి వేరు: బిల్లులు, ఆర్డినెన్సులు, సభను పిలిచే, ప్రొరోగ్ చేసే (అంటే సెషన్‌ను ముగించే) నోటిఫికేషన్లు, 161వ అధికరణం కింద శిక్ష తగ్గింపు ఫైళ్లు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్, సభ్యుల నియామకాలు, అడ్వొకేట్ జనరల్, రాష్ట్ర ఎన్నికల కమిషనర్, శాసనమండలికి నామినేషన్లు, ఏజెన్సీ (గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల) రెగ్యులేషన్లు. వీటిలో దాదాపు అన్నీ మంత్రివర్గ సలహా మీద నడవాల్సినవే. 1974లో శంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఈ సంగతి తేల్చి చెప్పింది.

ఒకటి మాత్రం విడిగా చూడాలి. విశ్వవిద్యాలయాల కులపతిగా (ఛాన్సలర్‌గా) ఆయన చేసే పని రాజ్యాంగం ఇచ్చింది కాదు, ఆయా యూనివర్సిటీ చట్టం ఇచ్చింది. అక్కడ సొంత నిర్ణయం తీసుకోవాలని, ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గితే నియామకమే చెల్లదని కన్నూర్ వీసీ కేసులో 2023 నవంబర్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. మనిషి ఒకరే, హోదాలు రెండు. పత్రికల్లో జరిగే వాదనల్లో సగం గందరగోళం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే పుడుతోంది.

శాసనపథం:
రెండో ప్రశ్నకు కాస్త విస్తారంగా చెప్పాలి.

ఉభయ సభలూ ఆమోదించాక బిల్లు ప్రతిని సభాపతి ధ్రువీకరిస్తారు. అది శాసనసభ సచివాలయం నుంచి న్యాయశాఖ చేతికి వస్తుంది. అక్కడ అసలు పని ఉంటుంది: విషయం ఏ జాబితాలోది, (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల) ఉమ్మడి జాబితాలోదైతే పార్లమెంటు చట్టంతో ఎక్కడైనా ఢీకొంటుందా, 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం అవసరమా? ఈ నోట్‌తో కలిపి ఫైలు గవర్నర్‌కు వెళుతుంది. న్యాయశాఖ నోట్ బలహీనంగా ఉంటే తర్వాత వచ్చే చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. రాజ్‌భవన్ వివరణ అడుగుతుంది, శాఖ జవాబు ఆలస్యం చేస్తుంది, ఫైలు అటూ ఇటూ తిరుగుతుంది, బయట మాత్రం "గవర్నర్ ఆపారు" అని వార్త వస్తుంది. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లు నిజంగానే అక్కడే ఆగుతుంది.

200వ అధికరణం కింద గవర్నర్ ముందున్న దారులు: ఆమోదించడం, ఆమోదం నిలిపి సందేశంతో సభకు తిప్పి పంపడం, రాష్ట్రపతి పరిశీలనకు ఉంచడం. ద్రవ్యబిల్లును తిప్పి పంపే వీలు లేదు. తిప్పి పంపిన బిల్లును సభ మార్పులతోనో మార్పుల్లేకుండానో మళ్లీ ఆమోదిస్తే ఇక ఆమోదం నిలపకూడదు. హైకోర్టు అధికారాలకు గండి కొట్టే బిల్లయితే రాష్ట్రపతికి పంపి తీరాలి.

ఇక గడువు. అధికరణంలో "వీలైనంత త్వరగా" అని తప్ప రోజుల లెక్క లేదు. 2023లో పది బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయని తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. విచారణ నడుస్తుండగానే వాటిపై నిర్ణయాలు వెలువడ్డాయి. ఏప్రిల్ 24న కేసు ముగిస్తూ, "వీలైనంత త్వరగా" అన్న మాటకు రాజ్యాంగపరంగా బరువుందని కోర్టు ఉత్తర్వులో రాసింది. అదే ఏడాది నవంబర్ 10న పంజాబ్ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది: ఆమోదం నిలిపితే సభకు తిప్పి పంపాల్సిందే, జేబులో పెట్టుకుని కూర్చోవడం కుదరదు.

2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం నెల, మూడు నెలలు అంటూ గడువులు పెట్టి, పది బిల్లులు ఆమోదం పొందినట్టే భావించాలని ప్రకటించింది. ఆ తర్వాత రాష్ట్రపతి 143వ అధికరణం కింద సుప్రీంకోర్టు సలహా కోరుతూ 14 ప్రశ్నలు పంపారు. 2025 నవంబర్ 20న అయిదుగురి ధర్మాసనం అభిప్రాయం చెప్పింది: గడువులు విధించే అధికారం కోర్టుకు లేదు, "ఆమోదం పొందినట్టే" అన్న భావన రాజ్యాంగంలో లేదు. అయితే కారణం చెప్పకుండా సుదీర్ఘంగా ఏమీ చేయకుండా ఉంటే, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని పరిమితంగా ఆదేశించవచ్చు.

కొండవీటి_కోట:
శాసనపథం గారూ, గడువు లేకపోతే ఇదంతా మళ్లీ మొదటికొచ్చినట్టే కదా? ప్రజలు ఓటేసి పంపిన సభ చేసిన చట్టం, ఎవరూ ఎన్నుకోని వ్యక్తి బల్ల మీద ఏడాది ఉంటే అడిగేదెవరు? ప్రభుత్వం పదవీకాలమే అయిదేళ్లు. అందులో ఒక ఏడాది చిన్నది కాదు.

శాసనపథం:
మీ ఆవేదన న్యాయమైనదే, నాదీ అదే. కానీ పూర్తిగా మొదటికి రాలేదు. కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదు. తలుపు తెరుచుకోవాలంటే రాష్ట్రం దగ్గర కాగితం ఉండాలి: బిల్లు ఏ తేదీన అందింది, రాజ్‌భవన్ ఏ తేదీన ఏం అడిగింది, శాఖ ఏ తేదీన జవాబిచ్చింది. ప్రతి ప్రశ్నకూ వారంలో జవాబిచ్చి రసీదు దాచుకున్న రాష్ట్రం "సుదీర్ఘ నిష్క్రియ" అని చూపించగలదు. జవాబులు తానే ఆలస్యం చేసిన రాష్ట్రం చూపించలేదు.

రాష్ట్రపతికి వెళ్లిన బిల్లుల సంగతి ఇంకా కష్టం. 201లో గడువు మాటే లేదు. ఆ బిల్లు కేంద్ర హోంశాఖకు చేరుతుంది, వాళ్లు సంబంధిత మంత్రిత్వ శాఖలన్నిటికీ పంపుతారు, ఒక్క శాఖ అభ్యంతరం చెప్పినా రాష్ట్రం నుంచి మళ్లీ వివరణ. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించిన బీసీ రిజర్వేషన్ బిల్లులు ఈ దారిలోనే వెళ్లాయి.

ఓరుగల్లు_తోరణం:
తెలంగాణ నుంచి రెండు ఉదంతాలు. చదువుకునే వాళ్లు తప్పకుండా చూడాలి.

ఒకటి, గవర్నర్ ప్రసంగం. 176 ప్రకారం ప్రతి ఏడాది మొదటి "సెషన్" ప్రారంభంలో ప్రసంగం ఉండాలి. 2022 మార్చి 7న బడ్జెట్ సమావేశాలు ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. ప్రభుత్వం వాదన: అంతకుముందు సెషన్‌ను ప్రొరోగ్ చేయలేదు, వాయిదా మాత్రమే వేశాం, కాబట్టి ఇది కొత్త సెషన్ కాదు. వాయిదా స్పీకర్ పని, ప్రొరోగ్ చేయడం గవర్నర్ పని. ఈ సన్నని తేడా మీద ఏకంగా ఏడాది ప్రసంగమే ఎగిరిపోయింది. మాటవరసకు నిబంధన నిలబడింది గానీ, సంప్రదాయానికి మంచిది కాదన్నదే నా అభిప్రాయం. మరుసటి ఏడాది బడ్జెట్ సభలో పెట్టడానికి గవర్నర్ అనుమతి రాలేదని 2023 జనవరి 30న ప్రభుత్వం హైకోర్టు తలుపు తట్టింది. ఇరుపక్షాల న్యాయవాదులు కూర్చుని రాజీ కుదిర్చారు. ఫిబ్రవరి 3న గవర్నర్ ప్రసంగం, 6న బడ్జెట్.

రెండోది మండలి నామినేషన్లు. 171(5) ప్రకారం సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సామాజిక సేవల్లో ప్రత్యేక జ్ఞానమో అనుభవమో ఉండాలి. 2023 సెప్టెంబర్‌లో కేబినెట్ పంపిన రెండు పేర్లను గవర్నర్ తమిళిసై తిరస్కరించారు. ప్రభుత్వం మారాక 2024 జనవరిలో వేరే రెండు పేర్లు నోటిఫై అయ్యాయి. మార్చి 7న హైకోర్టు తిరస్కరణ ఉత్తర్వునూ, కొత్త నామినేషన్లనూ కొట్టేసింది. అర్హత మీద అనుమానం ఉంటే పత్రాలు అడగొచ్చు, పునఃపరిశీలనకు తిప్పి పంపొచ్చు, అంతే.

ఇక్కడ ఏ ప్రభుత్వమైనా నేర్చుకోవాల్సింది ఒకటుంది. పేరుతో పాటు అయిదు రంగాల్లో ఏది, దానికి ఆధారాలేమిటి అన్నది ఫైల్లోనే జతచేయాలి. "సామాజిక సేవ" అని రెండు పదాలు రాసి పంపితే అభ్యంతరానికి మనమే చోటిచ్చినట్టు.

కృష్ణలంక:
ఆర్డినెన్సుల మీద ఒక ముక్క. 213 కింద సభ సమావేశంలో లేనప్పుడే కుదురుతుంది, సభ మళ్లీ కూడిన ఆరు వారాలకు కాలం తీరుతుంది. 2020 ఏప్రిల్ 10న ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. జూలై చివర్లో గవర్నర్ పేరిటే పాత కమిషనర్ పునర్నియామక ఉత్తర్వు వెలువడింది. గవర్నర్ సంతకం పెట్టేశారు కాబట్టి చెల్లుతుంది అనుకోవడానికి లేదు. 361వ అధికరణం ఆయన వ్యక్తికి రక్షణ, ఆయన పేరిట వచ్చిన ఉత్తర్వుకు కాదు.

సీమ_సాక్షి:
1984 గురించి. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. గుండె ఆపరేషన్ చేయించుకుని ఎన్టీఆర్ అమెరికా నుంచి వచ్చి రెండు రోజులే. రెండు రోజుల్లో సభ పెట్టండి, బలం చూపిస్తానని ఆయన అడిగితే ఒప్పుకోలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం నెల గడువిచ్చారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టాల్సి వచ్చింది. నెలాఖరుకు రాంలాల్ వెళ్లిపోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు.

జరిగిన తప్పు ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవాలి. మెజారిటీని లెక్కపెట్టే చోటు రాజ్‌భవన్ హాలు కాదు, శాసనసభ. 1994 మార్చి 11న బొమ్మై తీర్పులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఈ మాటను స్థిరపరిచారు. 2016లో నబం రెబియా కేసులో అరుణాచల్ గవర్నర్ తనంతట తానే సభ తేదీ ముందుకు జరపడాన్ని కొట్టేశారు. 2023లో మహారాష్ట్ర కేసులో, పార్టీలో అంతర్గత తగాదా ఒక్కటే బలపరీక్షకు కారణం కాదన్నారు. కాబట్టి గోదారిగట్టు గారూ, 1984 లాగా అదే పద్ధతిలో చేస్తే ఇవాళ కోర్టులో నిలబడదు. కోర్టులో తేలేలోపు ఎమ్మెల్యేలు ఏ రిసార్టులో ఉంటారన్నది వేరే సమస్య, దానికి తీర్పుల్లో మందు లేదు.

1984కు ముందే మనవాళ్లకు తగిలిన దెబ్బ ఇంకొకటుంది. 1952 ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసులో 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. టంగుటూరి ప్రకాశం నాయకత్వాన ఐక్య కూటమి 166 మంది బలం ఉందని చెప్పింది. గవర్నర్ శ్రీప్రకాశ మాత్రం, ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని పిలిచారు. ఆయన మండలికి నామినేట్ అయి ముఖ్యమంత్రి అయ్యారు. గవర్నర్ విచక్షణ మీద స్వతంత్ర భారతంలో తొలి పెద్ద వివాదం తెలుగు నాయకుడి వాకిట్లోనే మొదలైంది.

మన్యం_దారి:
ఎవరూ ఎత్తలేదు గానీ, గవర్నర్‌కు నిజమైన శాసనాధికారం ఉన్న చోటు ఏజెన్సీ. రాజ్యాంగం అయిదో షెడ్యూల్ అయిదో పేరా చదవండి. అందులో రెండు వేర్వేరు అధికారాలున్నాయి, వాటిని కలిపేస్తే కొంప మునుగుతుంది.

మొదటి ఉపపేరా కింద నోటిఫికేషన్‌తో ఏదైనా పార్లమెంటు చట్టమో రాష్ట్ర చట్టమో షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో చెప్పొచ్చు. రెండో ఉపపేరా కింద శాంతి, సుపరిపాలన కోసం ఏకంగా రెగ్యులేషన్ చేయొచ్చు: భూమి బదిలీని నిషేధించొచ్చు, వడ్డీవ్యాపారాన్ని కట్టడి చేయొచ్చు. దీనికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం రావాలి. ఆ మండలిలో గరిష్ఠంగా 20 మంది, వీలైనంతవరకు అందులో నాలుగింట మూడొంతులు గిరిజన ఎమ్మెల్యేలు.

మన దగ్గర అందరి నోటా వినిపించే "వన్ ఆఫ్ సెవెంటీ" ఇలా పుట్టిందే. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970 నాటి 1వ నంబర్ సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లకుండా పోయింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు భావిస్తారు, కాదని నిరూపించాల్సింది పట్టుకున్నవాడే. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1997 సమతా తీర్పులో, ప్రభుత్వం కూడా ఆ రెగ్యులేషన్‌లో చెప్పిన "వ్యక్తి" కిందికే వస్తుంది కాబట్టి ఏజెన్సీలో సర్కారు భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదంది.

ఇక విఫలమైన సంగతి. 2000 జనవరి 10 నాటి జీవో 3తో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. ఉద్దేశం ఎంతో మంచిది. వాగులు పొంగితే బడికి రాని పంతులు కాకుండా ఆ ఊరి భాష తెలిసిన మనిషి ఉండాలన్నది అవసరం. కానీ చేసింది మొదటి ఉపపేరా కింద నోటిఫికేషన్‌గా. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనం దాన్ని కొట్టేసింది: ఉన్న చట్టాన్ని సడలించే అధికారంతో కొత్త చట్టం చేయలేరు, నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కును దాటిపోయింది, ఉద్యోగాల్లో స్థానికతపై 371డి అధికరణం కింద ఉన్న రాష్ట్రపతి ఉత్తర్వుకూ విరుద్ధం. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. మళ్లీ తేవాలనుకునేవాళ్లు రెగ్యులేషన్ దారిలో, నూరు శాతానికి తగ్గించి, ఆ ప్రాంతాల జనాభా, ఖాళీల లెక్కలు ముందే సిద్ధం చేసుకుని వెళ్లాలి. ఇది చేయగల పని. ఇన్నేళ్లుగా గిరిజన యువత ఎదురుచూస్తోంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనపై గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలన్నది మూడో పేరా. పాడేరు, ఉట్నూరు, భద్రాచలంలో పనిచేసే సంఘాలు ముందు అడగాల్సిన పత్రం అదే.

పాతగెజిట్:
మన్యం_దారి గారి పోస్టు చదివాక 2014 రాష్ట్ర విభజన చట్టంలోని సెక్షన్ 8 గుర్తుచేయాలి. అది కూడా గవర్నర్‌కు విడిగా ఇచ్చిన బాధ్యతే. సెక్షన్ 7 ప్రకారం అప్పట్లో రెండు రాష్ట్రాలకూ ఒకే గవర్నర్, నరసింహన్ ఉండేవారు. సెక్షన్ 8 కింద ఉమ్మడి రాజధాని ప్రాంతంలో శాంతిభద్రతలు, కీలక కట్టడాల రక్షణ, ప్రభుత్వ భవనాల కేటాయింపు ఆయన చూడాల్సి ఉండేది. తెలంగాణ మంత్రివర్గాన్ని సంప్రదించాల్సి ఉండేది, కానీ తుది నిర్ణయం ఆయనదే. సాయానికి కేంద్రం ఇద్దరు సలహాదారులను ఇవ్వాలని కూడా అందులో ఉంది. 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ దీనిపై లేఖ రాస్తే తెలంగాణ ప్రభుత్వం గట్టిగా ఎదురుతిరిగింది. పోలీసు వ్యవహారాల్లో అది పెద్దగా అమలు కాలేదు. భవనాల విషయంలో మాత్రం 2019 జూన్‌లో హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ వాటా సచివాలయ భవనాలను తెలంగాణకు అప్పగిస్తూ ఆయన ఉత్తర్వు ఇచ్చారు. పదేళ్ల గడువు 2024 జూన్ 2న ముగిసింది. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్‌కు బిశ్వభూషణ్ హరిచందన్ విడిగా రావడంతో విజయవాడ సూర్యారావుపేటలోని జలవనరుల శాఖ భవనం రాజ్‌భవన్ అయింది.

చెన్నపట్నం_వీధి:
పదవి పూర్వచరిత్ర ఒకసారి చూస్తే ఈ తగాదాలు కొత్తవి కావని అర్థమవుతుంది. మద్రాసు గవర్నర్‌గా ఉంటూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రో కాలంలో గవర్నర్ అంటే పాలకుడే. దత్తమండలాల కలెక్టర్‌గా రైతువారీ పద్ధతిని నడిపిన మనిషి, 1820లో గవర్నర్ అయ్యాడు. 1936లో కొన్ని నెలలు కూర్మా వెంకటరెడ్డి నాయుడు తాత్కాలిక గవర్నర్‌గా ఉన్నారు. ఆ కుర్చీలో తెలుగువాడు కూర్చోవడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

1937 చాలా ముఖ్యం. మద్రాసులో కాంగ్రెస్ గెలిచింది. బ్రిటిష్ వాళ్లు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టం గవర్నర్‌కిచ్చిన ప్రత్యేకాధికారాలు వాడబోమని హామీ ఇస్తే తప్ప అధికారం తీసుకోమంది. ఆ విరామంలో ఏప్రిల్ నుంచి జూలై దాకా మంత్రివర్గాన్ని నడిపిందీ వెంకటరెడ్డి నాయుడే. అలాంటి అనుభవం ఉన్నవాళ్లే రాజ్యాంగ సభలో కూర్చున్నారు. మొదట 1947లో ప్రజలే గవర్నర్‌ను ఎన్నుకోవాలని నిర్ణయించి, 1949 మే చివర్లో రాష్ట్రపతి నియామకానికి మార్చారు. ఎన్నికైన గవర్నర్, ఎన్నికైన ముఖ్యమంత్రి ఒకే ఒరలో ఇమడరన్నది ప్రధాన కారణం. కేంద్రం మాట నెగ్గించుకునే మనిషి అవుతాడన్న భయాన్నీ అక్కడే కొందరు చెప్పారు.

పదవి భద్రత సంగతి కూడా: అయిదేళ్లు అని 156లో ఉన్నా రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే. 2010 మే 7న సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రంలో ప్రభుత్వం మారిందన్న ఒక్క కారణంతో గవర్నర్‌ను తీసేయకూడదంది. ఆచరణలో మాత్రం రాజీనామా అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ.

గోదారిగట్టు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి: ఫలానా బిల్లు ఇప్పుడు ఎక్కడుందో మామూలు పౌరుడు ఎలా తెలుసుకోవాలి?

శాసనపథం:
ముందు గెజిట్ చూడండి. ఆమోదం వచ్చి ఉంటే చట్టం పైభాగంలో గవర్నర్ ఆమోదం పొందిన తేదీ, అది రాష్ట్రపతి ఆమోదమైతే ఆ మాట, అచ్చయి ఉంటాయి. అక్కడ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు రెండు చోట్ల ఒకేసారి వేయండి: సచివాలయంలో న్యాయశాఖకు ఒకటి, గవర్నర్ సచివాలయంలోని పౌర సమాచార అధికారికి ఒకటి. రుసుము పది రూపాయలు, జవాబు గడువు 30 రోజులు.

"బిల్లు ఎందుకు ఆపారు" అని అడగొద్దు. ఎందుకు అన్న ప్రశ్నకు సమాచారం లేదని తిప్పి పంపుతారు. ఇలా అడగండి: ఫలానా నంబరు బిల్లు గవర్నర్ సచివాలయానికి అందిన తేదీ, అక్కడి నుంచి వివరణ కోరుతూ వెళ్లిన లేఖల తేదీలు, నంబర్లు, శాఖ జవాబులు అందిన తేదీలు, కేంద్ర హోంశాఖకు పంపి ఉంటే ఆ తేదీ. రెండు చోట్ల నుంచి వచ్చిన తేదీలు పక్కపక్కన పెడితే ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుందో తేలిపోతుంది. హోంశాఖకు వెళ్లిందని తెలిస్తే మూడో దరఖాస్తు అక్కడికి ఆన్‌లైన్‌లో వేయొచ్చు.